కత్తెర కొస, పట్టకారు మొన: వరి సంకరం చేసే చేతులు

గార్ల, డోర్నకల్ పొలాల్లో సాంబ మసూరి, తెలంగాణ సోనా వంటి సన్నాల పేర్లు తెలియని రైతు ఉండడు. ఆ వంగడాలకు ఒక తల్లి, ఒక తండ్రి ఉన్నారనీ, వాటికి ఎవరో కూర్చుని చేత్తో పెళ్ళి చేశారనీ తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. నా దృష్టిలో తెలుగు నేల మీద పుట్టిన గొప్ప చేతిపనుల్లో ఇదొకటి. నేతగాడి పేరు చీర మీద లేకపోయినా ఊరైనా చెబుతాం. ఈ పనికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

వరి పువ్వు తన పుప్పొడితోనే తాను గింజ కట్టుకుంటుంది. విచ్చుకునేలోపే పని దాదాపు ముగించేస్తుంది కాబట్టి, మనిషి దానికంటే ముందే లేవాలి. తల్లిగా ఎంచుకున్న మొక్కలో పొట్టలోంచి సగానికి పైగా బయటికొచ్చిన కంకిని పట్టుకుంటారు. కొసన అప్పటికే విచ్చినవి, అడుగున మరీ లేతవి తీసేస్తారు. మిగిలిన ఒక్కో పువ్వు పైభాగాన్ని, మూడో వంతు మేర, ఏటవాలుగా కత్తిరించి, లోపలి 6 కేసరాలను సన్నమొన పట్టకారుతో బయటికి తీస్తారు. ఒక్క పుప్పొడి తిత్తి చిట్లినా ఆ పువ్వు దండగే. కీలాగ్రానికి గీత పడినా దండగే. ఆపైన కంకికి బటర్ పేపర్ కవరు తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక, తండ్రి మొక్క పూత విచ్చే వేళకు, దాని కంకి తెచ్చి ఈ కంకి మీద దులుపుతారు. వరి పుప్పొడికి ఆయుష్షు కొన్ని నిమిషాలే. నడిచేటప్పుడు గాలి వేసినా, మాటల్లో పడినా అంతే. ఇన్ని పాట్లూ పడితే 25, 30 రోజులకు కొసలు తెగిన పొట్టులోంచి తొంగిచూసే గింజలు కొన్ని చేతికొస్తాయి. చెయ్యి తిరిగినవాళ్ళు కంకిని నలపకుండా, తల ఎత్తకుండా ఈ పని చేస్తుంటే చూడాలి. ఏ సితార విద్వాంసుడి వేళ్ళకూ ఇది తీసిపోదంటాను.

సంకరంలో ఏ లక్షణం ఏ తరంలో బయటపడుతుందన్న లెక్క మాత్రం మెండెల్‌ది. బ్రున్ పట్టణపు మఠంలో బఠాణీలు పెంచిన ఆ సన్యాసి 1866లో అచ్చువేసిన వ్యాసాన్ని 1900 దాకా దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అది చాలు, మన వరికి వద్దాం.

పొడుగు వరిని పొట్టి వరితో కలిపితే మొదటి తరమంతా పొడుగే వస్తుంది. పొట్టితనం అంతర్గత లక్షణం, లోపల దాక్కుంటుంది. ఆ విత్తనం మళ్ళీ వేస్తే రెండో తరంలో నాలుగింట మూడు పొడుగు, ఒకటి పొట్టి. ఇక్కడే ఉంది అందం: పొట్టిగా కనిపించిన మొక్క మళ్ళీ పొడుగు బిడ్డను కనదు. పొడుగువాటిలోనే ప్రతి మూడింటిలో రెండు లోపల ఇంకోటి దాచుకుని ఉంటాయి. 1966లో వచ్చిన పొట్టి వరి ఐఆర్ 8 ఈ లెక్క మీదే నిలబడింది. మన సాంబ మసూరి పొట్టితనమూ తైవాన్ వరి టీఎన్ 1 నుంచి వచ్చిందే. వరి శాస్త్రవేత్త ఎం.వి. రెడ్డి బాపట్లలో జీఈబీ 24, టీఎన్ 1ల సంకరాన్ని మసూరితో కలిపి, తరాల తరబడి ఏరి, 1986లో సాంబ మసూరిని బీపీటీ 5204 పేరుతో రైతుల చేతికిచ్చారు. అన్నం తిన్న ప్రతివాడూ ఆయనకు బాకీ.

అయితే వరంగల్ పేరు చెప్పకుండా నేను ముందుకు పోను. ఉల్లికోడు పురుగు తగిలిన వరి పిలక ఉల్లికాడలా గొట్టమై, కంకి వేయకుండా చచ్చిపోతుంది. మన ప్రాంతం దానికి పుట్టిల్లు. ఈశ్వరకోర అనే దేశవాళీ వరిలోని నిరోధాన్ని ఎంటీయూ 15లోకి తెచ్చి తీసిన డబ్ల్యూ 1263 వరంగల్ పేరు మీదే దేశదేశాల ప్రయోగశాలలకు వెళ్ళింది. వరంగల్‌లోనే పుట్టిన కావ్య వంగడాన్ని సాంబ మసూరితో కలిపితే జగిత్యాల సన్నాలు పుట్టాయి. ఉల్లికోడును ఆపే జన్యువుల్లో ఎక్కువ బహిర్గతాలు. ఒక్క మోతాదు ఉన్నా మొక్క నిలబడుతుంది కాబట్టి పొలంలో కంటితోనే ఏరుకోవచ్చు. పురుగు ఊరుకోదు, కొత్త రూపంలో వచ్చి ఫల్గుణ, సురేఖ వంగడాల నిరోధాన్ని గెలిచింది. బాపట్లకు పేరొచ్చింది, పురుగుతో కుస్తీ వరంగల్ పట్టింది. ఇది పక్షపాతమే అనుకోండి, ఒప్పుకోను.

హైదరాబాద్‌లో వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధనశాల సీసీఎంబీ కలిసి 2008లో తెచ్చిన మెరుగైన సాంబ మసూరిది మరో ఘనత. ఎండాకు తెగులును ఆపే మూడు జన్యువుల్లో ఒకటి బహిర్గతం, రెండు అంతర్గతాలు. అంతర్గతాలు ఒక్క మోతాదులో ఉంటే మొక్క బయటికేమీ చెప్పదు. మూడింటి రెండేసి మోతాదులూ ఒకే మొక్కలో పడాలంటే 64 మొక్కల్లో ఒకదానికే ఆ అదృష్టం. అందుకే డీఎన్ఏ గుర్తుల సాయం తీసుకున్నారు. మళ్ళీ మళ్ళీ సాంబతోనే కలిపారు. అలా నాలుగుసార్లు కలిపితే పరాయి వంగడం వాటా సగటున 32లో ఒక వంతుకు దిగుతుంది. వండిన అన్నం సాంబ అన్నమే.

ఇంత సాధనను ఒక రంగుల ప్యాకెట్ ఎలా దోచుకుంటోందో చూడండి. మన చెలకల్లో మిరప సంకర విత్తనానికి పెట్టేది చిన్న ఖర్చు కాదు. ఆ ధర మొదటి తరం విత్తనానిదే, ఎందుకంటే చేనంతా ఒకే తీరుగా ఉండేది ఆ తరంలోనే. దొంగ వ్యాపారి ఆ చేలో కాసిన కాయలనుంచే గింజ తీసి, అదే పేరుతో అమ్ముతాడు. తల్లిదండ్రులకు 10 జన్యువుల్లో తేడా ఉందనుకుందాం. అవి విడివిడిగా సంక్రమిస్తే, రెండో తరంలో అన్నింటా మొదటి తరాన్ని పోలిన మొక్క 1024లో ఒక్కటే. మిగతావి ఒక చెట్టు పొడుగు కాయ, ఒక చెట్టు బుడ్డ కాయ, ఒకటి ఆకే తప్ప కాపు లేనిది. మా వైపు ఒక రైతు చేను అలాగే చూశాను. అప్పటికే పూత దాటిపోయింది. వాతావరణం బాగాలేదని, మందు సరిగ్గా కొట్టలేదని అమ్మినవాడు చెప్పి పంపాడు. మెండెల్ లెక్క తెలిసిన వాడెవడైనా ఆ చేను గట్టున నిలబడితే మోసం ఏ తరంలో జరిగిందో చెప్పగలడు. వరిలో కూడా మిల్లుకు పోవాల్సిన వడ్లను సంచి మార్చి తెలంగాణ సోనా అంటున్నారు. చేలో మొలిచే వేరే రకం మొక్కలు, కేళీలు, ఏరలేక రైతు నడుము విరుగుతోంది.

1966 నాటి విత్తన చట్టం మొదటి తప్పుకు పెట్టిన జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. దొంగకు అది ఒక పూట టీ ఖర్చు. అమ్మే ముందే నమూనా విత్తనం నాటి చూసే క్షేత్ర పరీక్ష ప్రతి లాటుకూ జరగాలి, ఆ ఫలితం దుకాణంలో గోడకు అతికించాలి. రైతు బిల్లుతోపాటు ప్యాకెట్ అట్టనూ గుప్పెడు గింజనూ పంట చేతికొచ్చేదాకా దాచుకోవాలి. ఓట్లడగడానికి మహబూబాబాద్ ఎంపీ అభ్యర్థులు గార్లకు వచ్చినప్పుడు, ఆ 500 గురించి ముందు అడగండి.