నారి చూసే చేతులు

విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిస్తే అందరం చప్పట్లు కొట్టాం. వింటికి నారి కట్టే చేతుల సంగతి ఎవరికి పట్టింది?

ఆ పని దగ్గరుండి చూడాలి. నారి మీద నూగు లేచిందంటే మైనం అడుగుతున్నట్టే. పైపైన పూస్తే చాలదు. వేళ్ల మధ్య పట్టి వేడి పుట్టేదాకా రుద్దితేనే పోగుల్లోకి దిగుతుంది. బాణం తగిలించే చోట దారపు చుట్టు వదులైతే విప్పి మళ్లీ బిగుతుగా చుట్టాలి. పోగు తెగిందా, ముడేసి సర్దుకోవడం కుదరదు, మార్చాల్సిందే. లాగినప్పుడు నారి తెగితే విల్లే చిట్లిపోవచ్చు.

కొత్త నారి మొదట్లో సాగుతుంది. కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లయితే ఒక కొస తీసి నాలుగు మెలికలు ఎక్కిస్తారు. నారి పొట్టిదై, పిడికీ దానికీ మధ్య ఎడం పెరుగుతుంది. అంతా మిల్లీమీటర్ల లెక్క! కప్పీలుండే కాంపౌండ్ విల్లుకైతే, దాన్ని వంచి పట్టే ప్రెస్ మీద పెట్టి మార్చాలి, ఉత్త చేతులతో సాహసం పనికిరాదు. తెలిసినవాళ్లు ముందే బాణాలు వేసి సాగదీసిన రెండో నారిని సంచిలో ఉంచుకుంటారు.

పిల్లల్ని విలువిద్యకు పంపుతున్నారా? గురి కన్నా ముందు మైనం రాయడం నేర్పమని కోచ్‌ను అడగండి.