చెంబు మూతి ఏ ఆకారం?

మూడో తరగతి పిల్లల చేతికి సుద్దముక్క ఇస్తే గోడ మిగలదు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఇల్లు, కొబ్బరిచెట్టు చకచకా పడిపోతాయి. ఆ పిల్లలే ఎనిమిదో తరగతికొచ్చేసరికి డ్రాయింగ్ షీట్ ముందు పెట్టుకుని 'నాకు బొమ్మలు రావు సార్' అంటారు. గీసిన కాస్తా అరచేత్తో కప్పేస్తారు.

పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా వివరిస్తూ విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పుస్తకం వెలువరించాడు. పన్నెండేళ్ల ప్రాయానికి పిల్లలు తమ బొమ్మకు తామే విమర్శకులవుతారు. అసలు వస్తువుకీ కాగితం మీది గీతకీ తేడా కంటికి చిక్కుతుంది. దిద్దుకునే నేర్పు మాత్రం ఇంకా చేతికి రాదు. అంటే ప్రతిభ తగ్గలేదు, చూపు పదునెక్కింది. పాఠం కావలసింది అప్పుడే. చాలా బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సార్‌కో సైన్సు టీచర్‌కో వెళ్లిపోయేదీ అప్పుడే.

ఆ పాఠానికి ఒక ఇత్తడి చెంబు చాలు. బల్ల మీద పెట్టి గీయమంటే ఎక్కువమంది మూతిని నిండు గుండ్రంగా వేసి, అడుగున తిన్నగా అడ్డగీత లాగుతారు. మూతి గుండ్రమని వాళ్లకు తెలుసు, చెంబు బల్లకు ఆని నిలబడుతుందనీ తెలుసు. తెలిసింది గీశారు, కనబడింది గీయలేదు.

మంచి డ్రాయింగ్ మాస్టారు ఇక్కడ రబ్బరు అందుకోరు. చెంబును పిల్లల కంటి ఎత్తుకు లేపుతారు: మూతి ఒక్క గీతైపోతుంది. మెల్లగా దించుతారు: గీత విచ్చుకుని కోల ఆకారంలోకి వస్తుంది. ఇంకా దించితే గుండ్రానికి దగ్గరవుతుంది. అడుగు కంటికి మరింత కింద ఉంది కనుక అక్కడి వంపు ఇంకాస్త ఎక్కువ. తర్వాత చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ చెంబు వెడల్పుకు ఎత్తు ఎన్ని రెట్లో కొలిపిస్తారు. రెండో బొమ్మ మొదటిదానిలా ఉండదు.

డ్రాయింగ్ గురువు కిమోన్ నికొలాయిడీస్ పాఠాలు 1941లో అచ్చయ్యాయి. కాగితం వైపు చూడకుండా, వస్తువు అంచును పెన్సిల్ మొనతో తాకుతున్నామనుకుంటూ గీయమంటాడాయన. బెటీ ఎడ్వర్డ్స్ 1979 నాటి పుస్తకంలో పికాసో గీసిన స్ట్రవిన్‌స్కీ బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి వేయిస్తుంది. అది ముక్కు, ఇది చెయ్యి అన్న ఆలోచన పక్కకు తప్పుకుంటుంది. కంటికి గీతలే మిగులుతాయి.

గళ్లు కొట్టి హీరో ఫొటో దించడం తప్పేం కాదు. ఓపిక వస్తుంది, చేతికి పట్టు చిక్కుతుంది. అయితే లోతున్న ముఖాన్ని చదును చేసే పని అక్కడ కెమెరా ముందే చేసేసింది. ఎదురుగా కూర్చున్న తోటివాడి ముఖం గీయాలంటే ఆ పని పిల్లవాడే చేసుకోవాలి.

గురువు ఆదరణ ఎంత దూరం తీసుకెళ్తుందో రాజమండ్రికి తెలుసు. 1897లో పుట్టిన దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ని ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేందుకు అండగా నిలిచాడు. చదువు ముగించి వచ్చిన రామారావు సొంతూళ్లో చిత్రకళాశాల పెట్టి పదిమందికి నేర్పాడు. 1925లో మశూచికి బలయ్యేనాటికి ఆయనకు ముప్పయ్యేళ్లు నిండలేదు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే.

అలాంటి గురువు ప్రతి బడికీ దొరక్కపోవచ్చు. టైంటేబుల్ మాత్రం ప్రతి బడిలోనూ ఉంటుంది. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం కోసం కళావిద్యపై పనిచేసిన బృందం పదో తరగతి దాకా దాన్ని తప్పనిసరి చేయాలంది. ఆ మాట నిజంగా అమలు కావాలంటే సమయం కావాలి. షీట్లు పంచి, పెన్సిళ్లు చెక్కుకుని, చెంబు అందరికీ కనబడేలా సర్దేసరికే పీరియడ్‌లో మంచి భాగం గడిచిపోతుంది. వారంలో విడివిడిగా రెండు పీరియడ్లు ఇచ్చే బదులు రెండూ వరసగా ఇస్తే, పిల్లలు మొదటి బొమ్మలో లోపం చూసుకుని అదే రోజు రెండోది గీస్తారు. హెడ్మాస్టర్లు దీనికి ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు; జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే సర్దవచ్చు.