రెండో టిక్కు

“పెదనాన్నా, సంబంధం చూసిన అబ్బాయి మేనమామకు స్కిజోఫ్రీనియా అట. మీ తార్నాక పక్కన అంతంత ల్యాబులున్నాయి కదా, అబ్బాయికి జన్యు పరీక్ష చేయించలేమా?” కాచిగూడ నుంచి మా తమ్ముడి కూతురు ఫోను. ఒళ్ళు మండింది. పిల్లమీద కాదు, అలాంటి పరీక్ష ఉందని చెప్పినవాడిమీద.

జబ్బు పేరును కాదు, కొలతను నమ్మాలన్నది నా పాత పాట. అందుకు వైశ్యుల కథ చెప్పక తప్పదు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ ప్రభావం నిమిషాల్లో దిగిపోవాలి. కొందరు వైశ్యులకు గంటలు గడిచినా దిగదు, వెంటిలేటర్ తీయలేరు. రక్తంలో ఒక ఎంజైము కొలిస్తే తక్కువ; ఆ దారిన వెళితే జన్యువు దొరికింది. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న సమూహాల్లో ఇలాంటివి ఇంకెన్నో దొరకొచ్చని 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ వాళ్ళూ కలిసి రాశారు.

మనోవ్యాధికీ అలాంటి కొలతను, జన్యువుకూ జబ్బుకూ మధ్య మెట్టును, వెతకమన్నారు పరిశోధకులు గాట్స్‌మన్, షీల్డ్స్, 1970లలోనే. ఎండోఫినోటైప్ అన్నారు దాన్ని. నాకు బాగా నచ్చింది డెన్వర్‌లో ఫ్రీడ్‌మన్ చేసిన పని. చెవిలో ఒక టిక్కు, అర సెకనుకు ఇంకోటి. మామూలు మెదడు రెండోదాన్ని అంతగా పట్టించుకోదు, కాచిగూడ పట్టాల పక్క ఇళ్ళవాళ్ళు రైలు కూతను వదిలేసినట్టు. (పోలిక పూర్తిగా అతకదు, అది ఏళ్ళ అలవాటు.) స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో రెండోదానికీ మెదడు తరంగం దాదాపు అంతే లేస్తుంది. తొమ్మిది కుటుంబాల్లో ఈ తరంగాన్ని వెంబడించి, 1997లో 15వ క్రోమోజోమ్ మీద నికోటిన్ గ్రాహకపు జన్యువు దగ్గరికి చేరారు. రోగుల్లో పొగతాగేవాళ్ళు అంతమంది ఎందుకో కూడా తేలిపోయిందనుకున్నాం.

గెలిచింది మాత్రం పేరే. 2022లో 76 వేలపైచిలుకు రోగుల డీఎన్‌ఏ తీసుకుని, టిక్కూ లేదు తరంగమూ లేదు, డాక్టరు రాసిన జబ్బు పేరొక్కటే పట్టుకుని 287 చోట్లు గుర్తించారు. ఆ తరంగం, ఎంజైములా కాకుండా, ఒక్క జన్యువు మాట వినేది కాదు మరి. ఆ 287లో ఒక్కొక్కటీ తోసేది వెంట్రుకవాసి. అందుకే ఆ అబ్బాయికి జబ్బు వస్తుందో రాదో ఏ ల్యాబూ కచ్చితంగా చెప్పజాలదు.

అయినా కొలత దండగ కాలేదు. రెండో టిక్కుకూ మెదడు ఉలిక్కిపడినవాళ్ళలో రోగుల ఇళ్ళలోని, ఏ జబ్బూ లేని అక్కలూ తమ్ముళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఏది కాపాడుతోంది? బెంగళూరు నిమ్హాన్స్‌లో, ఒకరికి మించి రోగులున్న ఇళ్ళనుంచి జబ్బున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి చూస్తున్నారు. నా ఆసక్తి ఇప్పుడు ఆ లేనివాళ్ళమీదే.