పక్కు కింద

ముక్కులో పక్కు కడితే గిల్లొద్దని పిల్లల్ని గదమాయిస్తాం. నా పని మాత్రం ఆ పక్కు తీసి, రక్తం చిమ్మేదాకా లోపలికి వెళ్లడం.

మా వడ్డాది రైతు ఒకాయన, ఊరివాణ్ణన్న చనువుతో, చోడవరం దాటి నా దగ్గరికొచ్చాడు. "ఒకవైపు ముక్కు దిబ్బడ దిగట్లేదు బాబూ, కంపు కొడుతోంది." అంగిలి మీద కూడా పుండు. మా ఉత్తరాంధ్రలో అంగిలి పుండంటే ముందు అడిగేది అడ్డచుట్ట సంగతి. నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు మరి. 2021 తర్వాతైతే బ్లాక్ ఫంగస్ కూడా గుర్తొస్తుంది. ఈయన చుట్ట ముట్టడు, షుగరు లేదు.

ముక్క తీసి పంపాను. చచ్చిన కణజాలమే, క్యాన్సర్ లేదని రిపోర్టు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను, తప్పంతా అక్కడే జరిగింది. ఈ జబ్బు రక్తనాళాల గోడల్లోకి చొరబడి తెంపేస్తుంది, పైపైనున్నదంతా చచ్చిపోతుంది. నేను ఆ శవాన్నే పరీక్షకు పంపాను. రెండోసారి మత్తిచ్చి, ముక్కు వెనక గోడ దాకా పోయి, పచ్చి అంచు నుంచి నాలుగు ముక్కలు తీశాను. కణాల మీద సీడీ 56 గుర్తు తేలింది, లోపల ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆనవాలు దొరికింది. ఎన్‌కే/టీ సెల్ లింఫోమా.

మామూలు లింఫోమాలకిచ్చే 'చాప్' మందులు దీని మీద అంతగా పనిచెయ్యవు. మోటారు బావిలో నీళ్లు తోడేసినట్టు ఈ కణాలు మందును బయటికి తోడేస్తాయి. అందుకని ఆస్పరజినేజ్ ఉన్న మందులు, వాటితోపాటు కరెంటు, అంటే రేడియేషన్. ఆస్పరజినేజ్ రక్తంలోని ఆస్పరజిన్‌ను విరగ్గొడుతుంది. దాన్ని సొంతంగా తయారుచేసుకోలేని క్యాన్సర్ కణం పస్తుండి చస్తుంది. 'స్మైల్' అనే మందుల జట్టులో రెండో అక్షరం మెథోట్రెక్సేట్‌ది. దాన్ని లెడర్లీ లాబొరేటరీలో తయారుచేసిన బృందానికి పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. చికిత్సకు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రాసిచ్చాను.

వైరస్ అనగానే ఆయన భార్య నన్ను పక్కకి పిలిచింది. "కంచం వేరే పెట్టాలా బాబూ?"

ఆ వైరస్‌ను 1964లో ఆఫ్రికా పిల్లల గడ్డల్లో కనిపెట్టారు గానీ, అది ఎంగిలి ద్వారా దాదాపు అందరికీ చిన్నప్పుడే అంటుకుని ఒంట్లోనే ఉండిపోతుంది. మీలోనూ ఉండే ఉంటుంది, నాలోనూ ఉండే ఉంటుంది, జబ్బు మాత్రం అంటదన్నాను. బుర్ర ఊపింది.

మరుసటి వారం ఆయన సొంత స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకునే వచ్చాడు.