ఉపాధివిచారం – యంత్రాభ్యసనం: తత్త్వశాస్త్ర సదస్సుల చర్చాపద్ధతిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

యంత్రాభ్యసనం (మెషీన్ లెర్నింగ్) తత్త్వశాస్త్ర సదస్సుల్లో చర్చనీయాంశమైంది. తెలుగులో ఈ చర్చ చాలావరకు ప్రాచీన శాస్త్రాలతో పోలికలు చూపడం దగ్గరే ఆగిపోతోంది. న్యాయశాస్త్రంలోని ‘ఉపాధి’ భావనను పోలికకోసం కాక పరీక్షాసాధనంగా వినియోగించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆకు చిత్రాన్ని చూసి మొక్కల తెగుళ్లను గుర్తించే నమూనాలను ఉదాహరణగా, అనకాపల్లి జిల్లా నాతవరం మండలంలోని ఒక పొలాన్ని పక్షంగా తీసుకొని, ఆ సాధనం ఎంతవరకు ఉపకరిస్తుందో, దాని పరిమితి ఏమిటో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: వ్యాప్తి, ఉపాధి, అన్నంభట్టు, యంత్రాభ్యసనం, విపక్షం, సంవాదం, నాతవరం.

1. ఉపోద్ఘాతం

ఇండియన్ ఫిలసాఫికల్ కాంగ్రెస్ తొలి సమావేశం 1925లో కలకత్తాలో రవీంద్రనాథ్ ఠాగూర్ అధ్యక్షతన జరిగింది. తర్కానికి, శాస్త్రీయపద్ధతికి ఆ సంస్థ సమావేశాల్లో ప్రత్యేక విభాగం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రాన్ని బోధించిన ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తి భారతదేశంలో ఈ శాస్త్రబోధన, పరిశోధనల స్థితిని సమీక్షిస్తూ 1985లో ఒక గ్రంథమే వెలువరించారు. కాబట్టి మన తత్త్వచర్చ ఎలా సాగుతోందని ప్రశ్నించుకోవడం మనకు కొత్త కాదు. ఆ ప్రశ్నను నేడు యంత్రాభ్యసనం సందర్భంలో మళ్లీ వేసుకోవలసి ఉంది.

2. పోలికతో ఆగిపోయే చర్చ

యంత్రాభ్యసనంపై సదస్సుల్లో వినిపించే పత్రాలు ప్రధానంగా రెండు తీరుల్లో ఉంటున్నాయి. మొదటిది, యంత్రం చేసే పని మన అనుమానప్రమాణమేనని, న్యాయశాస్త్రం దీన్ని ఏనాడో చెప్పిందని నిరూపించే ప్రయత్నం. రెండవది, యంత్రానికి చైతన్యం లేదు కాబట్టి దాని జ్ఞానం జ్ఞానమే కాదని తోసిపుచ్చడం. ఈ రెండు వాదాలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా వాటి ఫలితం ఒక్కటే. ఒక నిర్దిష్టమైన నమూనా ఇచ్చిన ఒక నిర్దిష్టమైన నిర్ణయాన్ని ఎవరూ పరీక్షించరు. శాస్త్రానికి గౌరవం దక్కుతుంది, పని మాత్రం దక్కదు.

ఇతరత్రా ఈ చర్చ మరో మార్గంలో సాగింది. గిల్బర్ట్ హార్మన్, సంజీవ్ కులకర్ణి 2007లో వెలువరించిన ‘రిలయబుల్ రీజనింగ్’ గ్రంథం, హ్యూమ్ లేవనెత్తిన ఆగమనసమస్యను గణాంక అభ్యసన సిద్ధాంతంతో కలిపి చర్చించింది. శిక్షణలో చూసిన ఉదాహరణలూ తర్వాత ఎదురయ్యేవీ ఒకే సంభావ్యతా విభాజనం నుంచి వస్తాయన్నది ఆ సిద్ధాంతానికి పునాది. ఆ పునాది ఎప్పుడు కదులుతుందో గుర్తించడమే అసలు సమస్య. ఈ స్థానంలోనే ఉపాధివిచారం ఉపయోగపడుతుంది.

3. వ్యాప్తి, ఉపాధి: అన్నంభట్టు నిరూపణ

17వ శతాబ్దికి చెందిన, ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని, దానికి దీపిక అనే స్వోపజ్ఞవ్యాఖ్యను రచించాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియతసాహచర్యమే వ్యాప్తి. దీన్ని తలకిందులు చేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే హేతువు దుష్టమవుతుంది. పొగకు కారణం నిప్పు మాత్రమే కాదు. తడికట్టెల సంయోగం కూడా కావాలి. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదు. ఇక్కడ తడికట్టెల సంయోగం ఉపాధి. సాధ్యం ఉన్న ప్రతిచోటా ఉండి, హేతువు ఉన్న ప్రతిచోటా లేనిది ఉపాధి అని లక్షణం. అటువంటి హేతువు సోపాధికం, అంటే వ్యాప్యత్వాసిద్ధం.

దీపికలోని మరో చర్చ మన విషయానికి మరింత దగ్గరిది. మాటిమాటికీ కలిసి కనిపించినంత మాత్రాన వ్యాప్తి సిద్ధిస్తుందా? సిద్ధించదంటాడు అన్నంభట్టు. పార్థివమైన వస్తువుపై ఇనుముతో గీత గీయవచ్చునన్నది వందలసార్లు చూసినా, వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది. కాబట్టి సాహచర్యజ్ఞానంతోపాటు వ్యభిచారజ్ఞానం లేకపోవడం కూడా అవసరం. దర్శనాల సంఖ్యను ఎంత పెంచినా ఈ అవసరం తీరదు. లక్షల ఉదాహరణలపై ఆధారపడే యంత్రాభ్యసనానికి ఈ మాట నేరుగా వర్తిస్తుంది.

4. ఆకు చిత్రాలు: ఒక సోపాధిక హేతువు

2016లో మొహంతి, హ్యూస్, సలాతే ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ప్రసిద్ధమైనది. ప్లాంట్‌విలేజ్ సంచయంలోని 54,306 ఆకు చిత్రాలపై వారు నమూనాలకు శిక్షణ ఇచ్చారు. అందులో 14 పంటలు, 26 తెగుళ్లు ఉన్నాయి. శిక్షణకు వాడకుండా పక్కన పెట్టిన చిత్రాలపై అత్యుత్తమ నమూనా 99.35 శాతం కచ్చితత్వం సాధించింది. అయితే వేరే పరిస్థితుల్లో తీసిన చిత్రాలను ఇచ్చినప్పుడు అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఈ సంగతిని ఆ పరిశోధకులే దాచకుండా నమోదు చేశారు.

2022లో మెహ్మెత్ అలీజాన్ నోయన్, సహపరిశోధకులు ఇదే సంచయంపై మరో పరీక్ష చేశారు. ఆకును పూర్తిగా వదిలేసి, చిత్రం నేపథ్యంలోని 8 పిక్సెళ్లను మాత్రమే ఇచ్చి శిక్షణ ఇచ్చారు. 38 వర్గాల మధ్య గుడ్డిగా ఎంచుకుంటే 2.6 శాతం సరిపోవలసిన చోట, ఈ నమూనా 49 శాతం సరిగ్గా చెప్పింది. తెగులు ఆకుమీద ఉంటుంది. నేపథ్యంలో తెగులు ఉండదు.

న్యాయపరిభాషలో దీన్ని ఇలా చెప్పవచ్చు. నేపథ్యవర్ణం హేతువు, ఫలానా తెగులు సాధ్యం, ఫలానా వెలుతురులో ఫలానా తలంపై ఒకేసారి చిత్రించడం ఉపాధి. ఆ సంచయంలో ఆ తెగులు ఉన్న చోటల్లా ఆ చిత్రణసందర్భం ఉంది. ఆ వర్ణం ఉన్న చోటల్లా అది ఉండనక్కర లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 99.35 శాతం సాధించిన నమూనా నేపథ్యాన్నే ఆశ్రయించిందని నోయన్ పరీక్ష నిరూపించదు. ఆశ్రయించే వీలు ఆ సంచయంలో ఉందని మాత్రమే చూపుతుంది. నైయాయికులు నిశ్చితోపాధిని, శంకితోపాధిని వేరుచేశారు. నోయన్ వాడిన నమూనా విషయంలో ఉపాధి నిశ్చితం. మొదటి నమూనా విషయంలో శంకితం. ఈ వివేచన లేకుండా యంత్రాన్ని మెచ్చుకోవడమూ నిందించడమూ ఒకే విధమైన తొందరపాటు.

పక్కన పెట్టిన చిత్రాలపై పరీక్ష ఈ దోషాన్ని ఎందుకు పట్టుకోలేదు? అవి కూడా అదే సంచయానికి చెందినవి కాబట్టి. దిఙ్నాగుడు చెప్పిన త్రైరూప్యంలో మూడవది విపక్షాసత్త్వం. సాధ్యం లేనిచోట హేతువు కూడా లేదని చూపాలి. దిఙ్నాగుడు వేంగి సమీపంలోని కొండపై హేతువిద్యాగ్రంథాన్ని రచించాడన్న ప్రతీతిని 7వ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ నమోదు చేశాడు. ఆ నేపథ్యవర్ణం ఉండి ఆ తెగులు లేని ఆకును ముందుంచితేనే మూడవ రూపం పరీక్షకు వస్తుంది. ఆ సంచయంలో అటువంటి విపక్షం కరవైంది.

5. నాతవరం పొలం పక్షమైతే

తర్కగ్రంథాల్లో పక్షం పర్వతం. ఇక్కడ నాతవరం మండలంలో తాండవ జలాశయం కాలువ కింది ఒక టమాటా మడిని పక్షంగా తీసుకొందాం. రైతు ఆకును అరచేతిలో పట్టుకొనో, మొక్కమీదనే ఉంచో ఫోనుతో చిత్రం తీస్తాడు. వెనుక మట్టి, కలుపు, మరో ఆకు, తన నీడ ఉంటాయి. శిక్షణచిత్రాల్లోని సమతలమైన నేపథ్యం ఇక్కడ లేదు. హేతువు సోపాధికమైతే నమూనా ఇచ్చే సమాధానానికి ఆధారం పోయింది. అయినా ఆ సమాధానం అంతే ధీమాగా, శాతంతో సహా తెరమీదికి వస్తుంది. శిలీంధ్రంవల్ల వచ్చిన మచ్చకూ బాక్టీరియావల్ల వచ్చిన మచ్చకూ మందు వేరు. తప్పు మందు కొన్న ఖర్చు, చేజారిన రోజులు రైతువి.

మరో సంగతి. ఆ 14 పంటల్లో టమాటా, మొక్కజొన్న ఉన్నాయి. వరి, చెరకు, జీడిమామిడి లేవు. అంటే ఈ ప్రాంతపు ప్రధాన పంటల విషయంలో ఆ నమూనాకు చెప్పడానికి ఏమీ లేదు. అయినా చెరకు ఆకును చూపితే అది తనకు తెలిసిన 38 వర్గాల్లోనే ఒకదాన్ని ఎంచుకుంటుంది. తెలియదని ఒప్పుకునే ఏర్పాటు ప్రత్యేకంగా చేస్తే తప్ప ఇటువంటి వర్గీకరణలో ఉండదు.

6. సాధనం పరిమితులు

ఈ అన్వయానికి రెండు ప్రధాన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, వ్యాప్తి అపవాదం లేని నియమం. యంత్రాభ్యసనం ఇచ్చేది సంభావ్యత. ఒక్క ఇనుపగుండు వ్యాప్తిని కూల్చగలదు. ఒక్క తప్పు నమూనాను కూల్చదు. ఈ భేదం నిజమైనది. కాబట్టి యంత్రాభ్యసనం అనుమానప్రమాణమేనన్న పోలిక నిలవదు. ఉపాధి ఇక్కడ నమూనాను ఖండించే దోషంగా కాక, కచ్చితత్వం ఏ పరిస్థితిపై ఆధారపడిందో అడిగే ప్రశ్నగా మాత్రమే పనిచేస్తుంది.

రెండవది చార్వాకుల అభ్యంతరం. కనిపించని ఉపాధులు ఎన్ని ఉన్నాయో ఎవరు తేల్చగలరు? నైయాయికులు దీనికి తర్కాన్ని సమాధానంగా చూపారు. నిష్కారణమైన శంక ప్రవృత్తినే అడ్డుకొంటుందన్నారు. యంత్రం విషయంలో మాత్రం చార్వాకుల పక్షమే బలంగా ఉంది. ఇక్కడ హేతువు ఏదో నమూనా తనంతట చెప్పదు. పొగను చూశానని చెప్పే ప్రమాత ఇక్కడ లేడు.

ఉపాధిభేదాలు కూడా ఈ చర్చలో ఉపకరిస్తాయి. 2015లో రిచ్ కరువానా, సహపరిశోధకులు ప్రచురించిన న్యుమోనియా అధ్యయనంలో, ఉబ్బసం ఉన్న రోగులకు మరణప్రమాదం తక్కువన్న నియమం దత్తాంశం నుంచి వెలువడింది. ఉబ్బసం ఉన్నవారికి వెంటనే తీవ్రచికిత్స అందడమే అందుకు కారణం. తక్కువ ప్రమాదం ఉన్నవారందరికీ ఆ చికిత్స అందలేదు కాబట్టి ఇది కేవలసాధ్యవ్యాపకం కాదు. ఉబ్బసం ఉన్నవారి వరకే సాధ్యాన్ని వ్యాపిస్తుంది. దీపిక చెప్పిన సాధనావచ్ఛిన్నసాధ్యవ్యాపకమనే ప్రభేదం ఇదే. ఆ చికిత్స అందుబాటులో లేని ఊళ్లో ఈ నియమాన్ని నమ్మితే, ముందు చూడవలసిన రోగి వెనక్కు పోతాడు.

7. సదస్సు ఎలా ఉండాలి

1983లో పుణెలో దయాకృష్ణ, రేగే ప్రభృతుల చొరవతో జరిగిన ‘సంవాదం’ ఒక మార్గాన్ని చూపింది. రస్సెల్ ప్రతిపాదించిన ప్రతిజ్ఞావాక్య సిద్ధాంతాన్ని సంప్రదాయ పండితుల ముందుంచి, వారి సమాధానాన్ని కోరారు. అక్కడ న్యాయశాస్త్రం ప్రదర్శనవస్తువు కాలేదు, వాదంలో పక్షమైంది. యంత్రాభ్యసనంపై జరిగే సదస్సులకు ఇది అనుసరణీయం.

ఆచరణలో మూడు నియమాలు చాలు. పత్రం ఒక నమూనాను పేర్కొని దాని హేతుసాధ్యాలను విడదీసి చెప్పాలి. శంకితోపాధిని సూచించి, దాన్ని నిశ్చయించే పరీక్షను ప్రతిపాదించాలి. సంచయం వెలుపలి విపక్షాన్ని ముందుంచాలి. ఈ మూడవది గ్రంథాలయంలో దొరకదు. అనకాపల్లిలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధనస్థానం ఉంది. అక్కడి తెగుళ్ల శాస్త్రవేత్త, నాతవరం రైతు, నమూనాను రూపొందించే ఇంజనీరు, నైయాయికుడు ఒకే ఆకును ముందుంచుకొని మాట్లాడితే విపక్షం దొరుకుతుంది.

8. ముగింపు

యంత్రాభ్యసనం న్యాయశాస్త్రంలో ముందే ఉందని చెప్పడంవల్ల ఆ శాస్త్రానికి ఒరిగేది లేదు. దాని ఉపాధిలక్షణం నేటి నిర్ణయాన్ని పరీక్షించగలిగితేనే అది జీవించివున్న శాస్త్రం. తర్కసంగ్రహాన్ని బోధించే అధ్యాపకుడు తడికట్టెల ఉదాహరణ పక్కన ఆకు చిత్రాల ఉదాహరణను కూడా ఉంచవచ్చు. పరిశోధకుడు తన పత్రం చివర, ఈ నియమం ఏ ఆకు దగ్గర తప్పుతుందో ఒక్క వాక్యం రాయవచ్చు. ఆ వాక్యం రాయలేని పత్రానికి పరిశీలన ఇంకా మిగిలివున్నట్టే.