రెండో రిమోట్

1990లలో మా నల్గొండ ఇంట్లో వీడియోగేమ్ అన్న సొత్తు. నాది రెండో రిమోట్. 1985 నాటి నింటెండో ఆట 'సూపర్ మారియో బ్రదర్స్'లో మొదటివాడు చచ్చాకే రెండోవాడి వంతు. నా వంతొచ్చే వేళకి నల్లా వచ్చేది. బిందె పట్టుకుని లేచేదాన్ని.

మొన్న ఒక్కదాన్నే కూర్చుని 32 దశలూ ఆడాను. చిట్టచివరి కోటలో రాకుమారి. ఆమెకున్న పనల్లా ఎదురుచూడటం, థాంక్స్ చెప్పటం. ఆ బొమ్మ మీద మన విమర్శ న్యాయమైనదే. 1988లో అమెరికాలో వచ్చిన రెండో భాగంలో ఆమెగా కూడా ఆడొచ్చు. గాల్లో తేలుతుంది కూడా. బొమ్మ మారితే సరిపోతుందా? తెర మీద స్త్రీ ఎలా ఉందనే అడుగుతూ వచ్చాం. తెర ముందు కూర్చునే తీరిక ఎవరిదని అడిగామా? ఆట మధ్యలో అన్న లేచి నీళ్లు పట్టిన రోజు నాకొక్కటీ గుర్తులేదు.