గిటార్ చేతికి లొంగాలంటే

‘నాకు సంగీతం రాసిపెట్టి లేదు’ అనుకుని గిటార్‌ను అటక మీదకి ఎక్కించేసిన వాళ్లు మన చిన్న ఊళ్లలో చాలామంది. వాళ్లలో ఎక్కువ మందికి అడ్డుపడింది వేళ్లు కాదు, ఆ గిటారే. బంగారుపాళ్యం లాంటి ఊళ్లో పక్కనే గిటార్ బాగుచేసే కొట్టు ఉండదు. చాలామందికి వాయిద్యం పార్శిల్లో వస్తుంది. అట్టపెట్టె విప్పి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఆ సాయంత్రమే సాధన మొదలుపెడతారు. ఆ గిటార్‌ను ఒక్కసారి కూడా ఎవరూ సరిచూసి ఉండరు. తీగలు మెట్ల మీద బాగా ఎత్తుగా ఉంటాయి. ‘అన్నా, ఎంత నొక్కినా తీగ మోగడం లేదన్నా’ అని పిల్లవాడు అడిగితే, ఇంకా గట్టిగా నొక్కమని సలహా ఇస్తాం. ఆ సలహాతోనే సగం మంది మానేస్తారు.

మన వైణికులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. వీణ మీద ఉండే 24 మెట్లూ మైనంలో కూర్చినవి. మైనంలో మసి కలిపి ముద్ద చేసి, ఆ ముద్దలో ఒక్కొక్క మెట్టునూ స్వరం చూసుకుంటూ నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఎండలకు మైనం మెత్తబడుతుంది, మెట్టు కదులుతుంది, స్వరం తప్పుతుంది. అందుకని కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించుకోవాల్సిందే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణలు చేసే కుటుంబాలకు మేళం కట్టడం కూడా వీణ తయారీలో భాగమే. వాయిద్యాన్ని సరిగ్గా ఉంచుకోవడం చదువుకు బయటిది కాదన్నది ఆ సంప్రదాయం. గిటార్‌కు లోహపు మెట్లు చెక్కలో బిగించి ఉంటాయి కాబట్టి ఇక చేసేదేమీ లేదని మనం అనుకుంటాం. నిజానికి గిటార్‌కూ మేళం కట్టినంత పని ఉంది. కాకపోతే అది మెట్ల దగ్గర కాదు, మెడ దగ్గర, బ్రిడ్జ్ దగ్గర.

ఆ పని చూడడానికి ఒక స్టీలు స్కేలు చాలు. గిటార్‌ను శ్రుతి చేసి, 12వ మెట్టు మీద తీగ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. స్టీలు తీగల గిటార్‌లో లావు తీగ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 2 ఉంటే నేర్చుకునేవాళ్లకు హాయిగా ఉంటుంది. 4 ఉంటే మాత్రం అది వేళ్ల తప్పు కానే కాదు. తర్వాత లావు తీగను ఒక చేత్తో మొదటి మెట్టు దగ్గర, ఇంకో చేత్తో మెడ, డొల్ల కలిసే చోట (సాధారణంగా 14వ మెట్టు) నొక్కిపట్టి 7వ మెట్టు దగ్గర చూడండి. తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే తీగల లాగుడుకు మెడ ముందుకు వంగిందని అర్థం. అసలు సందే లేకపోతే వెనక్కి వంగింది.

మెడ వంగడంలో వింతేమీ లేదు. శ్రుతిలో ఉన్న 6 స్టీలు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో ఆ సన్నని చెక్కను లాగుతుంటాయి. దాన్ని తట్టుకోవడానికి మెడ లోపల ఇనుప కడ్డీ పెడతారు. ట్రస్ రాడ్ అంటారు. దాన్ని అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, ఒక రోజు ఆగి చూడాలి. ఒక్కసారే రెండు చుట్లు తిప్పితే ఏదో ఒకటి విరగవచ్చు. మెడ సరిగా ఉండీ తీగ ఎత్తుగా ఉంటే బ్రిడ్జ్ మీది తెల్ల ముక్కను, అంటే శాడిల్‌ను, అడుగు వైపు అరగదీయాలి. 12వ మెట్టు దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు అరగాలి. అరిగింది తిరిగి రాదు కాబట్టి కొంచెం అరగదీయడం, బిగించి చూడడం, మళ్లీ కొంచెం అరగదీయడం, ఇలాగే పోవాలి. ఈ పని చేతగాదనిపిస్తే బెంగళూరుకో చెన్నైకో వెళ్లేటప్పుడు తెలిసిన పనివాడికి ఇచ్చి చేయించుకోవడం మేలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు స్టీలు తీగలు ఎన్నడూ వేయకూడదు. ఆ గిటార్ల మెడలో సాధారణంగా కడ్డీ ఉండదు, పైపలక కూడా అంత లాగుడు కోసం చేసింది కాదు. మోత గట్టిగా వస్తుందని ఆశపడి వేస్తే కొన్ని నెలల్లో బ్రిడ్జ్ పైకి లేచి వచ్చేస్తుంది.

గిటార్ సరిగ్గా ఉందనుకుందాం. ఇక వేళ్ల చదువు. నొక్కాల్సింది మెట్టు మీద కాదు, రెండు మెట్ల నడుమ కూడా కాదు, మెట్టుకు ఆనుకుని వెనక పక్క. అక్కడ నొక్కితే సగం బలం చాలు. బొటనవేలు మెడ వెనక నిలవాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి. మొదటి వారాల్లో వేళ్ల కొసలు మండుతాయి. తర్వాత కాయలు కాస్తాయి, నొప్పి పోతుంది. రోజుకు 20 నిమిషాలు విడవకుండా చేస్తే వస్తుంది కానీ ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటే రాదు.

ఇప్పుడు అందరూ మొదలుపెట్టేది కార్డ్స్‌తో. నాలుగు కార్డ్స్ వస్తే ఒక పాట వాయించేయవచ్చని ఆశ. తప్పులేదు. చర్చి ఆరాధనలో, కాలేజీ వేడుకలో పాటకు తోడుగా వాయించాలంటే అవే కావాలి. కానీ మన చేతిలో ఇంకో దారి ఉండగా దాన్ని వదులుకోవడం నాకు నచ్చదు. పురందరదాసు ఏర్పరిచాడని చెప్పుకునే సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు గిటార్‌కు చక్కగా కుదురుతాయి. ఏదైనా ఒక్క తీగ తీసుకోండి. ఖాళీ తీగ షడ్జమం. 1వ మెట్టు రిషభం, 4వది గాంధారం, 5వది మధ్యమం, 7వది పంచమం, 8వది ధైవతం, 11వది నిషాదం, 12వది పై షడ్జమం. ఇదే మాయామాళవగౌళ. ఈ రాగంలో ఒకదానికొకటి ఆనుకున్న స్వరాలూ ఉన్నాయి, మూడు మెట్లు దూకాల్సిన చోట్లూ ఉన్నాయి. వేలు దగ్గరి అడుగూ దూరపు అడుగూ ఒకే వరుసలో నేర్చుకుంటుంది. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, దెబ్బకు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు వాయిస్తే మూడు కాలాలూ వచ్చినట్టే. రెండు నెలలు ఇలా చేసినవాడికి కార్డ్స్ మార్చడం భారం కాదు.

స్వరం నోటితో అంటూ వాయించాలి. ఇది మొక్కుబడి మాట కాదని చెప్పడానికి మనకు పాలకొల్లు ఉంది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే తండ్రి మాండలిన్ చేతబట్టాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు ఆయనకు గురువు. ఆ గురువుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతికి పట్టుకునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడంతో చెవే దారి చూపింది. జంట తీగల మామూలు మాండలిన్ మీద గమకం నిలవదని విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. దానికి ఐదో తీగ కలిపాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ప్రపంచ వేదికల మీద కూర్చున్నాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు.

ఆ మెక్‌లాఫ్లిన్ కథ అటునుంచి ఇటు నడిచింది. ఆయన అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970లలో తన శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను పల్లంగా తొలిపించిన గిటార్ చేయించుకున్నాడు. వేలు చెక్కకు తగలకుండా తీగను పక్కకు లాగితే గమకం వీణలాగే సాగుతుంది. మామూలు గిటార్ మీద కూడా గమకం కొంత పలుకుతుంది. సన్న తీగను 3వ వేలితో పక్కకు లాగేటప్పుడు 1, 2 వేళ్లు దాని వెనక తోడు నిలవాలి. అప్పుడు ఒక పూర్తి స్వరం ఎత్తు వస్తుంది. లాగడం చేతగాని చోట మెట్ల మీద జారుతూ పోవచ్చు. కాంభోజి, తోడి లాంటి రాగాల్లోకి దిగితే గిటార్‌కు హద్దు కనిపిస్తుంది. హంసధ్వని, మోహన లాంటివి హాయిగా పలుకుతాయి. రెండు సంప్రదాయాలూ ఒకే చేతిలో ఇమడవని అనేవాళ్లకు ఇళయరాజాను చూపించవచ్చు. సినిమా ఆర్కెస్ట్రాలలో గిటార్ వాయించిన ఆయన లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నాడు.

ఇక మన వాతావరణం. గిటార్ చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే సుఖం. మన దగ్గర అది దొరికే నెలలు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు గాలికి చెక్క ఎండి కుదించుకుపోతుంది. మెడ అంచున చెయ్యి జార్చి చూస్తే మెట్ల కొసలు గుచ్చుకుంటాయి, అదే గుర్తు. అలాంటప్పుడు గిటార్‌ను పెట్టెలోనే ఉంచి, చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి ముక్క, నీళ్లు కారకుండా బాగా పిండి, పెట్టడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. పైపలక పొంగి తీగలు పైకి లేస్తాయి. అప్పుడు స్పాంజి తీసేసి సిలికా జెల్ పొట్లాలు వేయాలి. గోడకు, ముఖ్యంగా వాన పడే వైపు గోడకు, తగిలించకూడదు. ఎండలో నిలిపిన కారులో వదలడం అన్నిటికంటే చేటు. ఆ వేడికి బ్రిడ్జ్ కింద జిగురు మెత్తబడిందంటే 70 కిలోల లాగుడు మిగతా పని పూర్తి చేస్తుంది.

తీగలకు శత్రువు మన చెమటే. చేతులు కడుక్కుని కూర్చోవడం, లేచేముందు ఒక్కొక్క తీగనూ పొడి నూలుగుడ్డతో పైనా కిందా తుడవడం, ఈ రెండింటితో తీగల ఆయుష్షు రెట్టింపవుతుంది. తీగ నల్లబడి గరుకుగా తగిలినా, శ్రుతి చేసినా 12వ మెట్టు దగ్గర అపస్వరం పలికినా మార్చే వేళయింది. తీగలన్నీ ఒకేసారి విప్పేయకుండా ఒక్కొక్కటే మారిస్తే మెడ మీద బరువు ఒక్కసారిగా తగ్గదు. రోజ్‌వుడ్ మెట్లపలకకు ఏడాదికి ఒకసారో రెండుసార్లో దాని కోసమే అమ్మే నూనె నాలుగు చుక్కలు గుడ్డకు అద్ది రాస్తే చాలు. కొబ్బరి నూనె వద్దు, జిడ్డు పట్టి మురికి పేరుకుంటుంది.

చెక్క మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన శేషాచలం కొండల ఎర్రచందనంతో జపాన్ వాళ్లు తమ మూడు తీగల షమిసెన్‌కు మెడలు చేసుకుంటారు. శ్రేష్ఠమైన షమిసెన్ అంటే వాళ్లకు అదే. దక్షిణాది అడవుల రోజ్‌వుడ్, మనం ఇరుగుడు అనే చెట్టు, ప్రపంచంలో ఎన్నో గొప్ప గిటార్లకు పక్కపలకలయ్యింది. ఈ రెండు చెట్ల మీదా ఇప్పుడు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉంది. వాటిని పెంచడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది. అలాంటి చెక్కతో చేసిన వాయిద్యాన్ని అటక మీద చెదలకు వదిలేయడం నాకు మనసొప్పని పని.

కొత్తగా కొనబోయేవాళ్లకు నా మాట ఇది. గిటార్‌కు అనుకున్న సొమ్ములో కొంత తగ్గించుకుని, ఆ మిగులుతో దాన్ని సరిచేయించండి, ఒక అదనపు తీగల సెట్టు, ఒక గట్టి పెట్టె కొనండి. కొనక్కర్లేనివాళ్లు అటక మీది గిటార్‌ను దించి చూడండి. బ్రిడ్జ్ లేవకపోయి, మెడ చీలకపోయి ఉంటే కొత్త తీగలు వేసి, ఎత్తు సరిచేయించి, నేర్చుకోవాలని ఉన్న పిల్లకో పిల్లవాడికో ఇవ్వండి.